ఏడో జవాబు

ఆ సందులో చీకటి పడ్డాక ఎవరూ తలెత్తి నడవరు.

కారణం ఒక కిటికీ. సందు చివరి ఇంటికి మేడ మీద ఒకే ఒక గది, ఆ గదికి ఒకే ఒక కిటికీ. ఎనిమిది నెలలుగా గదికి తాళం. లోపల మనిషి లేడు, బల్బు వెలగదు. అయినా రాత్రయ్యేసరికి ఆ అద్దం వెనక ఆకుపచ్చ చుక్కలు రెండు వెలుగుతాయి... ఆరుతాయి... మళ్ళీ వెలుగుతాయి. ఎవరో కూర్చుని రెప్పలార్పుతున్నట్టు.

నైట్ డ్యూటీ దిగి వచ్చే నర్సు ఒకావిడ మొదట చూసిందట. ఆవిడ ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడకి చెప్పింది. బట్టలు కుట్టే ఆవిడకి చెప్పడమంటే మైకులో చెప్పడమే. వారం తిరక్కుండా, టైపిస్టు ఇంకా ఆ గదిలోనే ఉన్నాడని సందంతా తేల్చేసింది.

టైపిస్టంటే ఆ ఇంటి పెద్దాయన. బతికున్నన్నాళ్ళూ ఆ గదిలో కూర్చుని, రాయడం రానివాళ్ళకీ వచ్చినా బద్ధకించేవాళ్ళకీ అర్జీలు, దరఖాస్తులు, ఉత్తరాలు టైపు చేసి అచ్చు తీసి ఇచ్చేవాడు. ఆఖర్న మోకాళ్ళు మొరాయించి, మెట్లెక్కలేక, కింది గదిలో మంచం మీదే ఉండి కన్నుమూశాడు. పోయిన మర్నాడు కూతురు పైగదికి తాళం వేసింది. కుర్చీ, కళ్ళజోడు, కొక్కేనికి వేలాడే పాత చొక్కా — ఎక్కడివక్కడ వదిలేసి.

ఇక ఆ ఆకుపచ్చ కళ్ళ సంగతి. దాచడమెందుకు, అవి ఇంటర్నెట్ డబ్బా దీపాలు. టైపింగ్ పని కోసం లైను మొదట ఆ గదిలోకే లాగించారు, డబ్బా అక్కడే ఉండిపోయింది. దాని కోసమే ఆ గదిలో ఏ స్విచ్చీ ఆపలేదు. ఈ మాట చెబితే జనం నమ్మరు. కళ్ళంటే నమ్ముతారు, డబ్బా అంటే నమ్మరు.

కాబట్టి కళ్ళని వదిలేద్దాం. అసలు భయం కళ్ళది కాదు... చప్పుడుది.

ఆ ఇంట్లో ఒక అల్లుడున్నాడు. ఇల్లరికం. ఏదో కంపెనీలో నెట్‌వర్క్ చూసుకుంటాడు. అంటే అక్కడి కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి సక్రమంగా మాట్లాడుకునేలా చూడడం అతని ఉద్యోగం. తను మాత్రం ఎవరితోనూ మాట్లాడడు, చెబుతాడు. ఆఫీసులో అతనికి సర్వజ్ఞుడని పేరు పెట్టారు. వెనకాలే అంటారు గానీ, ఎదురుగా అన్నా పొగిడారనుకునే రకం.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాళ్ళని మనం చాలామందిని చూశాం. ఇతగాడు కుందేలుని పట్టకుండానే కాళ్ళు లెక్కపెట్టేసేవాడు. మావగారిని ఆయన వెనకాల 'ముసలాయన' అనేవాడు. అత్తగారి మాటల్ని 'పాత వెర్షన్' అనేవాడు. భార్య ఏదైనా చెప్పబోతే, ఆవిడ ఇంకా నోరు తెరవకముందే, "నీకు తెలీదులే" అని అందుకునేవాడు.

ఇంత పెద్ద మనిషికీ లోపల ఒక పుండుంది. ఆ ఇంట్లో అతనికి తనదంటూ ఒక తలుపు లేదు. వంటింటి పక్కన సామాన్ల కొట్టులో, పిండి డబ్బాల మధ్య చిన్న బల్ల వేసుకుని లాప్‌టాప్ పెట్టుకున్నాడు. ఆ కొట్టుకి తలుపు బదులు తెర. చీపురు కావాలన్నా, నూనె సీసా కావాలన్నా అత్తగారు ఆ తెర తొలగించుకుని వచ్చేస్తుంది, అతను ఆఫీసు వీడియో మీటింగులో ఉన్నా సరే. చీపురుతో సహా అత్తగారిని ఆఫీసంతా చూసింది.

అందుకని పైగది కావాలి. ఎనిమిది నెలలుగా అడుగుతున్నాడు. అడుగుతున్నాడంటే తప్పు... "ఆ చెత్తంతా ఓ రోజు తీయించి పారేస్తాను" అంటున్నాడు. భార్య ఆ మాట ఎత్తితే చాలు, పక్క గదిలోకి వెళ్ళిపోయేది. తండ్రిది అంటూ ఆవిడకి మిగిలింది ఆ గదే. అందులోకి వెళ్ళదు, కూర్చోదు, తాళం కూడా తియ్యదు. అలాగే ఉందంటే చాలు ఆవిడకి.

సరే, ఒక రాత్రి ఇంట్లో ఇంటర్నెట్ మందగించింది. మామూలు మనిషైతే కాసేపు చూసి పడుకుంటాడు. సర్వజ్ఞుడికి మాత్రం వెంటనే బోధపడింది, ఎవరో దొంగతనంగా వాడుకుంటున్నారు. ఎదురింటి బట్టలు కుట్టే ఆవిడే అయ్యుంటుందని కూడా తేల్చేశాడు. ఆధారం ఏమిటయ్యా అంటే, ఆవిడ మొహం. ఇక దొంగని పట్టడానికి లాప్‌టాప్‌లో నల్లతెర తెరిచాడు.

ఆ నల్లతెర గురించి రెండు ముక్కలు చెప్పాలి. అందులో బొమ్మలుండవు. కమాండ్ టైపు చేసి ఎంటర్ కొడితే పని జరుగుతుంది. అతని దగ్గర స్కానర్ అని ఒక పనిముట్టుంది. అది ఇంటి నెట్‌వర్క్‌కి తగులుకున్న ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్ళి తలుపులు తడుతుంది. పోర్టులంటారు వాటిని, ఒక్కో యంత్రానికి అరవై అయిదు వేల పైచిలుకు. ఏదైనా తలుపు తెరిచి ఉంటే, లోపలున్నది ఎవరో కనుక్కోవడానికి నాలుగు మాటలు లోపలికి విసురుతుంది. వచ్చిన జవాబు తెచ్చి తెర మీద రాస్తుంది. అంతకన్నా బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఆ పనిముట్టుకి ఒక మర్యాద ఉంది. కొన్ని తలుపుల దగ్గర అది మాట విసరదు, తనంతట తానే తప్పుకుపోతుంది. ఎందుకో దాని పుస్తకంలో రాసి ఉంది. సర్వజ్ఞుడు పుస్తకాలు చదవడు. 'ఏదీ వదలకు' అని అర్థం వచ్చే మాట ఒకటి కమాండ్ చివర తగిలిస్తే ఆ మర్యాద ఊడిపోతుందని మాత్రం ఎక్కడో విన్నాడు. ఎప్పుడూ తగిలించేవాడు. వదిలిపెట్టడం పిరికివాళ్ళ పనని అతని సిద్ధాంతం.

ఇంకో అలవాటు కూడా ఉంది. ఈ పని మీద కూర్చుంటే చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, లోపల డ్రమ్ముల మోత పెట్టుకునేవాడు. యుద్ధానికి వెళుతున్నట్టుంటుందట.

ఎంటర్ కొట్టాడు.

ఇంట్లో యంత్రాలు ఆరు. లాప్‌టాప్, ముగ్గురి ఫోన్లు, టీవీ, పైనున్న ఇంటర్నెట్ డబ్బా.

జవాబులు ఏడు వచ్చాయి.

ఆ ఏడోది ఎవరో తెర మీద రాసే ఉంది. ఒక కంపెనీ పేరు, పక్కన 'ప్రింటర్' అన్న మాట. సర్వజ్ఞుడు చదివి నవ్వాడు. ఈ ఇంటి నెట్‌వర్క్‌లో ప్రింటర్ ఎక్కడిది? పైగదిలో ఒక డొక్కు ఉన్నమాట నిజమే. దాన్ని నెట్‌వర్క్‌కి కలిపిపెట్టమని ముసలాయన రెండుసార్లు అడిగితే, తీరిక లేదని రెండుసార్లూ తప్పించుకున్నది తనే. తను కలపనిది ఇంకెవరు కలపగలరు? కాబట్టి ఇది దొంగే. ప్రింటర్ ముసుగేసుకుని వచ్చాడు.

అలా జవాబు చేతిలో పెట్టుకుని దొంగ కోసం వెతకడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్న అతను లేచి వచ్చేసరికి వంటింట్లో తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. రాత్రి పైగదిలో చప్పుడైందట. ముందు టక్కుమని... తర్వాత గుర్రుమని... ఆపైన కాగితం లాగినట్టు సర్రుమని. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆగడం, మొదలవడం — పావుగంట పైగా.

"అది నాన్న ప్రింటర్," అంది భార్య. "ఆ చప్పుడు నాకు తెలుసండీ."

తనకేం వినపడలేదన్నాడు. అతనికి వినపడలేదంటే లోకంలో జరగలేదనే లెక్క.

"నాన్న కింద మంచం మీద అమ్మ ఫోన్లో నొక్కితే పైన కాగితం వచ్చేది. నేను వెళ్ళి తెచ్చేదాన్ని." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇప్పుడు నొక్కేదెవరు?"

చాలా మంచి ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్నకి నిదానంగా జవాబు వెతికి ఉంటే కథ ఆ పూటే అయిపోయేది. కానీ ఏం లాభం, అడిగింది భార్య. "నీకు తెలీదులే, దాన్ని నెట్‌వర్క్‌కి కలపనే లేదు" అనేసి స్నానానికి వెళ్ళిపోయాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికే మనిషికి, పిల్ల చంకలో ఉందని ఎవరైనా చెప్పినా కోపమే వస్తుంది.

అత్తగారి ధోరణి వేరు. భర్త బతికుండగానే ఆయన్ని పెద్దగా లెక్కచేసిన మనిషి కాదు. "బతికున్నప్పుడు సాయంత్రం అయిదయితే గది మూసుకుని దిగొచ్చేవాడు. పోయాక రాత్రిళ్ళు పని చేస్తాడా," అని పెదవి విరిచింది. అలా విరిచిందే గానీ, గది తాళంచెవి మాత్రం ఆ రోజు నుంచి దిండు కింద పెట్టుకుని పడుకుంది.

సర్వజ్ఞుడు వైఫై పాస్‌వర్డ్ మార్చాడు. రాత్రి మళ్ళీ హెడ్‌ఫోన్లు, మళ్ళీ డ్రమ్ములు, మళ్ళీ ఎంటర్.

ఏడు.

పైన మళ్ళీ చప్పుడు. ఆడవాళ్ళిద్దరూ ఒకే మంచం మీద ముడుచుకుని విన్నారు. అతను వినలేదు.

దొంగ పాస్‌వర్డ్ కూడా కనిపెట్టేశాడనుకున్నాడు. ఇంకా పొడుగుది పెట్టాడు. నలభై అక్షరాలు, మధ్యలో అంకెలు, గుర్తులు. రోజుకొకటి మార్చాడు. మార్చినప్పుడల్లా ఇంట్లో ఫోన్లు మూగబోయేవి, ఒక్కొక్కరూ అతని ముందు వరసలో నిలబడి ఆ నలభై అక్షరాలూ కొట్టించుకోవాలి. నాలుగో రోజున అత్తగారు తన ఫోన్ బల్ల మీద పెట్టేసి, నాకు ఇంటర్నెట్టూ వద్దు ఏమీ వద్దు, వదిలెయ్యండి బాబూ అంది. అతను వినకుండా అందులోనూ కొట్టిపెట్టాడు. కానీ ఆ ఏడోది మాత్రం ఏ పాస్‌వర్డుకీ చలించలేదు. అందరూ ఊడిపోయి మళ్ళీ తగులుకుంటున్నారు. అది ఊడడం లేదు. అడుగు కదపకుండా అక్కడే కూర్చుని, తలుపు తట్టిన ప్రతిసారీ జవాబు చెబుతోంది.

అప్పుడు... మొట్టమొదటిసారి, సర్వజ్ఞుడి వీపు మీద ఏదో పాకినట్టయింది. ఫ్యాన్ గాలేమోనని సర్దుకున్నాడు.

మధ్యలో ఒక ఆదివారం అతనికి ఆఫీసులో రాత్రి డ్యూటీ పడింది. ఆ రాత్రి పైగదిలో చీమ చిటుక్కుమనలేదు. సోమవారం అతను వచ్చాడు, చప్పుడూ వచ్చింది. అత్తగారు భోజనాల దగ్గర ఆ మాట తీసింది.

"మీరు లేని రోజు ఆయనా రాడు, అల్లుడుగారూ. మీరంటే అంత ఇష్టం కాబోలు."

కనీసం ఈ మాటకైనా బుర్ర వెలగాలి. వెలగలేదు. తను ఇంట్లో లేడని తెలిసి దొంగ సెలవు పెట్టాడని వివరించాడు. ఆవిడ ఓపిగ్గా విని, పెరుగు గిన్నె అతని వైపు జరిపింది.

రోజులు గడిచేకొద్దీ సందులో కథ పెరిగింది. గోరంత చప్పుడు కొండంతయింది. కిటికీలో కళ్ళకి తోడు చెయ్యి కూడా కనబడిందని బట్టలు కుట్టే ఆవిడ చెప్పింది. కొరియర్ మనిషి ఆ ఇంటికొచ్చిన పార్సిల్ సందు మొదట్లోనే ఇచ్చి పోవడం మొదలుపెట్టాడు. ఇదంతా చూసి సర్వజ్ఞుడికి ఒళ్ళు మండింది. మనుషుల మీద అతనికి మొదట్నుంచీ గౌరవం తక్కువ, ఇప్పుడు పూర్తిగా పోయింది.

పద్నాలుగో రోజు సాయంత్రం భార్య నోరు విప్పింది. ఆ గదిని ఇక అలాగే వదిలేద్దాం, నాన్న ఉన్నాడనే అనుకుంటాను, మీరు దాని మాట ఎత్తకండి అంది. అతను చేతిలో గ్లాసు ఠపీమని పెట్టాడు. దెయ్యాన్ని అడ్డం పెట్టుకుని గది ఎగ్గొడుతున్నారని తేల్చేశాడు. ఈ రాత్రే కారణమేమిటో చూపిస్తానన్నాడు. చూపిస్తే గది తనది. చూపించలేకపోతే బతికుండగా ఆ గది పేరెత్తనన్నాడు. అత్తగారు సరేనంది. మాటంటే మాటే, ఇద్దరూ తన ముందు ఒప్పుకోవాలంది.

పాపం, భార్యకి ఎటు చూసినా నష్టమే. నాన్న లేడని తేలితే గది పోతుంది. ఉన్నాడని తేలితే ఈ రాత్రి ఇంట్లో ఎలా పడుకోవడం? చివరికి తలూపింది.

గది తీసి చూద్దాం పదండి, చూస్తే తేలిపోయేదానికి ఇంత పంతాలెందుకు అని అత్తగారు తాళంచెవి తీసింది. అతను వద్దన్నాడు. తలుపులు తీసి చూడడం మెకానిక్కుల పనట. తను కూర్చున్న చోటి నుంచే అంతా చూస్తాడట. తలుపు బయట మెట్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, వాళ్ళ కళ్ళెదుటే దొంగని పట్టి చూపిస్తాడట.

"ఆ చెవిడొప్పలు మాత్రం తియ్యండి," అంది అత్తగారు. "చెవులు పెట్టుకుని కూర్చోండి."

రాత్రి పదకొండు దాటింది. సందు సద్దుమణిగింది. ముగ్గురూ మెట్లెక్కారు. ఫోన్లు ముగ్గురివీ కింద బల్ల మీదే వదిలెయ్యమన్నాడు, లెక్క తికమక కాకుండా. మెట్ల మీద బల్బు ఒకటి గుడ్డిగా వెలుగుతోంది. అతను పైమెట్టు మీద తలుపుకి వీపు ఆనించి కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు మెట్ల కింద భార్య, ఆవిడ వెనక అత్తగారు. తలుపు కింద సందులోంచి ఆకుపచ్చ వెలుగు వస్తోంది... పోతోంది.

కమాండ్ కొట్టాడు. చివర 'ఏదీ వదలకు' తగిలించాడు.

ఎంటర్.

తెర మీద వరసలు పాకుతున్నాయి. ఒకటో జవాబు. రెండు. మూడు... గోడ గడియారం చప్పుడు కింది నుంచి వినపడుతోంది. నాలుగు. అయిదు.

"చూశారా, ఏ చప్పుడూ లేదు," అన్నాడు. గొంతు అతను అనుకున్నంత గట్టిగా రాలేదు.

ఆరు.

ఏడు.

అతని వీపు వెనక — తలుపు అవతల — టక్.

గుర్ర్‌ర్... లోపల ఏదో మేలుకుంది. కుర్చీలో మనిషి సర్దుకున్నట్టు కిర్రుమంది. ఆ తర్వాత మెల్లగా, చాలా మెల్లగా... సర్ర్‌ర్... కాగితం.

రెండు వారాలుగా ఆ ఇల్లు విన్న చప్పుడుని అతను మొదటిసారి విన్నాడు. అదీ జానెడు దూరంలో, చెక్క తలుపు గుండా, వీపుతో.

"మావగారూ..." అన్నాడు.

ఆ మాట అతని నోట రావడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. ఆ పైన ఏం జరిగిందో అతను ఒకలా చెబుతాడు, ఇద్దరు సాక్షులు ఇంకోలా చెబుతారు. సాక్షుల లెక్క ప్రకారం సర్వజ్ఞుడు లాప్‌టాప్ మెట్టు మీద వదిలేసి, పెళ్ళాన్ని గోడకి నెట్టి, అత్తగారి మీదుగా దూకి, ఆఖరి నాలుగు మెట్లూ కూర్చుని దిగాడు. అడుగున చెప్పుల మధ్య ఆగాడు. అక్కణ్ణించి లేవలేదు.

లాప్‌టాప్‌లో వరసలు పాకుతూనే ఉన్నాయి. లోపల కాగితాలు వస్తూనే ఉన్నాయి.

అత్తగారు తాళం తీసింది. భయం లేక కాదు, అల్లుణ్ణి ఆ స్థితిలో చూశాక ఇక భయపడ్డానికి సిగ్గేసింది. భార్య ముందు లోపలికి అడుగుపెట్టి లైటు వేసింది.

గదినిండా కాగితాలు. బల్ల మీద, కుర్చీలో, నేల మీద. ఒక్కో దాని మీద ఒకటి రెండు వరసలు, ఏ భాషా కాని గుర్తులు, తెగిపోయిన అక్షరాలు, కింద అంతా ఖాళీ. మూల బల్ల మీద ప్రింటర్ ఇంకో కాగితం మింగబోయి, అరలో కాగితాలైపోయి, ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది. దాని వెనక నుంచి ఒక నీలం వైరు బయల్దేరి, మూరెడు దూరంలో ఉన్న ఇంటర్నెట్ డబ్బాలో దూరింది.

భార్య ఆ వైరుని చూసింది. వెనక్కి వచ్చి మెట్టు మీద లాప్‌టాప్‌ని చూసింది. ఆవిడకి నెట్‌వర్క్ తెలీదు. కానీ నొక్కేదెవరన్న తన ప్రశ్నకి జవాబు మాత్రం తెలిసిపోయింది.

"ఏమండీ, పైకి రండి," అంది. "దెయ్యం దొరికింది. అది మీరే."

అదీ సంగతి. అల్లుడు రెండుసార్లు తప్పించుకున్న పనిని పెద్దాయన, అతను ఆఫీసుకి వెళ్ళినప్పుడు, షాపు మెకానిక్‌ని పిలిపించి పది నిమిషాల్లో చేయించుకున్నాడు. పాస్‌వర్డ్ అడిగేది గాల్లో వచ్చేవాటిని, వైరుని ఎవరూ అడగరు. ఇక ఆ పనిముట్టు మర్యాదగా తప్పుకుపోయే తలుపులు ఎవరివనుకున్నారు? ప్రింటర్లవి. ప్రింటర్ వట్టి అమాయకపు జీవి. తలుపు తట్టి ఎవరేం వాగినా, తనకి చెప్పిన పనే అనుకుని అచ్చువేసి పెడుతుంది. అందుకే దాని జోలికి పోవద్దని పుస్తకంలో రాశారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగే స్వయంగా దొంగ కోసం కాపలా కాస్తుంటే ఇంకేం పడతాడు?

మరొకడైతే సిగ్గుతో చచ్చేవాడు. మనవాడు మెట్లెక్కి వచ్చేసరికి బట్టలు దులుపుకుని, గొంతు సవరించుకుని, తయారైపోయాడు. అరలోంచి కొత్త కాగితాల కట్ట తీసి ప్రింటర్‌లో పెట్టమన్నాడు. వాళ్ళ ముందే మళ్ళీ ఎంటర్ కొట్టాడు. టక్, గుర్, సర్. నాలుగు చెత్త కాగితాలు వచ్చి ఆగాయి.

"కారణం చూపించాను," అన్నాడు. "గది నాది."

మాట ప్రకారం అతనిదే. భార్య బల్ల మీదున్న తండ్రి కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని నిలబడింది.

అతను లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాడు. మిషను పాత సామాన్లవాడికి, కుర్చీ వీధిలోకి, బల్ల ఈ గోడ నుంచి ఆ గోడకి — రేపొద్దున్నే మొదలుపెడతానన్నాడు. చెబుతూ చెబుతూ కొక్కేనికున్న చొక్కా లాగి, ఉండచుట్టి, బల్ల మీద దుమ్ము తుడిచాడు.

"అది వద్దండీ..." అంది భార్య.

అతను ఇంకోసారి తుడిచాడు.

టక్.

అతని చెయ్యి ఆగిపోయింది.

లాప్‌టాప్ మూసి చంకలో ఉంది. ఫోన్లు మూడూ కింద బల్ల మీద ఉన్నాయి. ఇంట్లో నొక్కేవాళ్ళెవరూ లేరు.

గుర్ర్‌ర్... సర్ర్‌ర్...

ఒకే ఒక్క కాగితం. ఈసారి వరసలు తెగలేదు. అక్షరాలు చెదరలేదు. నిండుగా, తీరుగా, తెలుగులో.

ఆఖరికి అత్తగారే తీసి కూతురి చేతిలో పెట్టింది. కూతురు పైకి చదివింది.

"అమ్మాయికి. పైగది అల్లుడుగారికి ఇచ్చెయ్యండి. ఇల్లరికం వచ్చిన మనిషికి తనదంటూ ఒక తలుపుండాలి. ఆ కొట్టులో తెర కట్టుకుని కూర్చోవడం నేను చూడలేకపోతున్నాను. ఆయన అడగడు, లాక్కుంటాడు. లాక్కోకముందే మీరే ఇస్తే అందరికీ మర్యాదగా ఉంటుంది. మిషనూ కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్యండి. చొక్కా ఒక్కటీ కొక్కేనికి ఉండనివ్వండి."

కింద తేదీ ఉంది. ఎనిమిది నెలల కిందటిది. ఆయన పోయే ముందు వారం.

భార్య కాగితం మడిచి గుండెలకి ఆనించుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"మెమరీలో ఉండిపోయి ఉంటుంది," అన్నాడు సర్వజ్ఞుడు. చాలా చిన్న గొంతుతో అన్నాడు. "అప్పుడు పంపింది... లోపల ఇరుక్కుని..."

"అలాగా," అంది అత్తగారు. "ఎనిమిది నెలల కిందట వెళ్ళింది లోపలే ఉండి, నిన్న మొన్నటి చెత్తంతా ముందు వచ్చిందా, అల్లుడుగారూ?"

ముందు పంపింది ముందు వస్తుంది. ప్రింటర్ల నడవడి అదని అతనికి తెలుసు. నిజంగా తెలిసిన కొద్ది విషయాల్లో అదొకటి. నోరు తెరిచాడు. మీకు తెలీదులెండి అన్న మాట వస్తుందేమోనని ఇద్దరూ చూశారు. రాలేదు.

చేతిలో చొక్కా విప్పాడు. దుమ్ము దులిపాడు. కొక్కేనికి తగిలించబోతే జారిపోయింది. వంగి తీసి, రెండోసారి తగిలించి, దాని చేతుల మడతలు సర్ది వెనక్కి జరిగాడు.

ఇప్పుడు ఆ గది అతనిదే. మర్నాడే తాళంచెవి చేతిలో పెట్టారు. చొక్కా తప్ప అన్నీ తీసేశారు, ప్రింటర్ కూడా పాత సామాన్లలో పోయింది. మంచి బల్ల, కొత్త కుర్చీ వేశారు. కానీ చీకటి పడ్డాక అతను ఆ మెట్లెక్కగా చూసినవాళ్ళు లేరు. ఇప్పటికీ ఆ కొట్టులోనే, పిండి డబ్బాల మధ్యే కూర్చుంటాడు. అత్తగారు చీపురు కోసం తెర తొలగించినప్పుడల్లా, "మేడ మీద గది ఉంది కదా, అల్లుడుగారూ" అంటుంది. అక్కడ సిగ్నల్ సరిగా రాదండీ అంటాడు. ఇంటర్నెట్ డబ్బా ఉన్నది ఆ గదిలోనే.

ప్రింటర్ పోయింది కనక ఇంట్లో ఇప్పుడు జవాబులు ఆరే రావాలి. ఒక్క కమాండ్ కొడితే తేలిపోతుంది.

ఇంతవరకూ కొట్టలేదు.